కార్బరేటర్ విప్పే ముందు: పాత కార్ల పెట్రోల్ సమస్యలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఎండలు ముదిరేసరికి పాత కార్లవాళ్ల ఉత్తరాలు పెరిగాయి. అంబాసిడర్, పద్మిని, కార్బరేటర్ కాలపు మారుతి 800, బండి ఏదైనా గోల ఇంచుమించు ఒకటే. పెట్రోల్‌నూ గాలినీ కలిపి ఇంజిన్‌కు పంపే కార్బరేటర్ నుంచి పెట్రోల్ చాలినంత అందడం లేదు, లేదా మరీ ఎక్కువ అందుతోంది. ఈ రెండింటిలో ఏదో తేల్చుకోకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవద్దు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. చేయాల్సిన పని మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

విప్పి బిగించే పనులన్నీ ఆరుబయట, ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి చేయండి. కరెంటు కావాల్సిన పరీక్షకు మాత్రం మళ్లీ తగిలించుకోండి. పక్కన మంటలార్పే సిలిండరో, కనీసం బకెట్టుడు ఇసుకో ఉండాలి. చేతిలో బీడీ, సిగరెట్ ఉండకూడదని వేరే చెప్పాలా!

ప్రశ్న: మాది 1988 అంబాసిడర్, పెట్రోల్ బండి. పొద్దున్న మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. మధ్యాహ్నం ఓ గంట తిరిగి పావుగంట ఆపితే మాత్రం మళ్లీ స్టార్ట్ కాదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది. పంపు మీద తడిగుడ్డ వేయమని ఒకరు, కార్బరేటర్ మార్చేయమని ఒకరు అంటున్నారు. ఎవరి మాట వినాలి? (ఓ పాఠకుడు, రాజమహేంద్రవరం)

ముందు స్పార్క్ చూడండి. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతికే కాయిల్, కండెన్సర్ కూడా అచ్చం ఇలాగే ఏడిపిస్తాయి. బండి మొండికేసినప్పుడే ఒక ప్లగ్గు వైరు తీసి, దాని చివర ఇంజిన్ బ్లాకుకు 5, 6 మిల్లీమీటర్ల దూరంలో ఉండేలా ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో పట్టుకుని సెల్ఫ్ కొట్టించండి. ఈ పరీక్ష పెట్రోల్ పైపులు విప్పకముందే చేయాలి. నీలం రంగులో టపటపమని స్పార్క్ పడితే కరెంటు బాగానే ఉంది. ఎర్రగా, నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా కార్బరేటర్ జోలికి వెళ్లకండి.

స్పార్క్ బాగుంటే సమస్య వేడిదే. అందులోనూ రెండు రకాలున్నాయి. అంబాసిడర్‌లో కార్బరేటర్, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు సరిగ్గా పైనే ఉంటుంది. ఇంజిన్ ఆపగానే ఫ్యాను ఆగుతుంది, నీళ్లు తిరగడం ఆగుతుంది. మానిఫోల్డ్ వేడి మాత్రం పైకి ఎగదన్నుతూనే ఉంటుంది. అందుకే ఆపిన పది పదిహేను నిమిషాలకు కార్బరేటర్ నడుస్తున్నప్పటికంటే ఎక్కువ కాలుతుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే ఆవిరవడం మొదలెడతాయి. ఫ్లోట్ ఛాంబర్‌లో, అంటే కార్బరేటర్‌లో పెట్రోల్ నిలవుండే గిన్నెలో, మరిగిన పెట్రోల్ పొంగి, నాజిల్‌లోంచి ఇంజిన్‌లోకి దారి అయిన ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి కారిపోతుంది. అప్పుడు ఇంజిన్‌కు పెట్రోల్ ఎక్కువైనట్టు. రెండో రకంలో పంపులోనో పైపులోనో పెట్రోల్ ఆవిరై బుడగ కడుతుంది. పంపు ద్రవాన్ని తోయగలదు కానీ ఆవిరిని ఎంత నొక్కినా అది అక్కడక్కడే నలిగి సాగుతుంది. ఛాంబర్‌కు చుక్క చేరదు.

తేడా పట్టడానికి ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజిన్ ఆపి ఉండగానే కార్బరేటర్ గొంతులోకి చూడండి. గోడలు తడిగా, వాసన గుప్పున కొడుతుంటే ఓవర్‌ఫ్లో. గొంతు పొడిగా ఉండి, చేత్తో థ్రాటిల్ (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకునే పళ్లెం) లివర్ లాగినప్పుడు యాక్సిలరేటర్ పంపు నాజిల్‌లోంచి ధార రాకపోతే ఛాంబర్ ఖాళీ.

ఓవర్‌ఫ్లో అయితే గాలి తగ్గించే చౌక్ ముట్టుకోకండి. యాక్సిలరేటర్ నేలకు నొక్కి పట్టుకుని, వదలకుండా 8, 10 సెకన్లు సెల్ఫ్ కొట్టండి. గాలి ధారాళంగా వెళ్లి లోపలి తడిని ఊడ్చేస్తుంది. కాలు పైకీ కిందికీ ఆడిస్తే ఒక్కో నొక్కుకు ఇంకో ధార పెట్రోల్ పోసినట్టే. చాలామంది బ్యాటరీ దించేసుకునేది ఇక్కడే. ఛాంబర్ ఖాళీ అయితే తడిగుడ్డ పనిచేస్తుంది. పంపు మీద, దాన్నుంచి కార్బరేటర్‌కు వెళ్లే పైపు మీద వేయండి. కాలుతున్న మానిఫోల్డ్ మీద నీళ్లు పోయకండి, పోత ఇనుము పగులుతుంది. కాబట్టి గుడ్డ చెప్పినాయన మాటలో సగం నిజముంది. కార్బరేటర్ మార్చమన్నాయన మాటలో ఏమీ లేదు.

శాశ్వతంగా పోవాలంటే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కార్బరేటర్ కింద వేడిని అడ్డుకునే బేకలైట్ స్పేసర్ ఉందా, లేక ఎప్పుడో ఊడదీసి ఉత్త పేపర్ ప్యాకింగ్ వేశారా? కార్బరేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య ఉండాల్సిన రేకు ఉందా? పాత బండ్లలో ఈ రేకు చప్పుడు చేస్తోందని తీసి పారేస్తుంటారు. పెట్రోల్ పైపు ఎక్కడా ఎగ్జాస్ట్‌కు రెండంగుళాల కంటే దగ్గరగా వెళ్లకూడదు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు జాయింట్లన్నీ మార్చి క్లిప్పులు బిగించండి. ఆ భాగంలో పెట్రోల్ లాగబడుతుంది, తోయబడదు. అందుకే అక్కడ చీలిక ఉన్నా నడుస్తున్నప్పుడు బయటికి కారదు, లోపలికి గాలి తీసుకుంటుంది. ఎండాకాలంలో ఆవిరి కట్టేది కూడా ముందు అక్కడే. స్పార్క్ టైమింగ్ వెనక్కి ఉంటే, అంటే స్పార్క్ ఆలస్యంగా పడితే, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా మారుతి 800 (1997) రోడ్డు మీద 80లో కూడా చక్కగా వెళ్తుంది. సిగ్నల్ దగ్గర కాలు తీస్తే ఆగిపోతుంది. ఐడ్లింగ్ స్క్రూ ఎంత బిగించినా రెండు రోజులే. మెకానిక్ కొత్త కార్బరేటర్ వేయాలంటున్నాడు. (ఓ పాఠకురాలు, కరీంనగర్)

కొనకండి. 80లో చక్కగా వెళ్తోందంటే పంపు, ఫిల్టర్, ఫ్లోట్, మెయిన్ జెట్ అన్నీ బాగున్నట్టే. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ పళ్లెం దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి మెయిన్ జెట్‌కు పనే ఉండదు. ఇంజిన్‌కు కావలసిన పెట్రోలంతా పైలట్ జెట్‌లోని సన్నని రంధ్రం గుండానే రావాలి. ఆ దారి మూసుకుని ఉండాలి, లేదా ఎక్కడో దొంగగాలి పట్టి ఉండాలి.

మొదట ఐడిల్ సోలెనాయిడ్, అంటే కీ వేస్తే తన సూదితో పైలట్ జెట్ దారి తెరిచి, కీ తీస్తే మూసే వాల్వు. కార్బరేటర్‌కు పక్కన బిగించి, వైరు వేలాడుతూ ఉండే చిన్న ఇత్తడి రంగు సిలిండర్ అది. ఇంజిన్ ఆపి, కీ ఆన్‌లో పెట్టి వైరు తీసి తగిలిస్తే ‘టిక్’ మని వినిపించాలి. వినిపించకపోతే వైరులో 12 వోల్టులు వస్తున్నాయో లేదో బల్బుతో చూడండి. కరెంటు వచ్చినా టిక్ లేదంటే సోలెనాయిడ్ పోయింది, అదొక్కటి మార్చితే చాలు. కొందరు దాని సూదిని కత్తిరించి మళ్లీ బిగించేస్తారు. ఐడ్లింగ్ వస్తుంది, నిజమే. కానీ కీ తీసేసినా ఇంజిన్ గుబగుబలాడుతూ ఇంకాసేపు తిరుగుతుంది. ఆ పని చేయించుకోకండి.

సోలెనాయిడ్ బాగుంటే ఎయిర్ ఫిల్టర్ తీసి, ఇంజిన్‌ను కాస్త రేస్‌లో ఉంచి చౌక్ పళ్లేన్ని చేత్తో కొద్దికొద్దిగా మూయండి. ఇంజిన్ నిలకడగా, ఇంకా వేగంగా తిరిగితే మిశ్రమంలో పెట్రోల్ చాలడం లేదు. మరింత మొరాయిస్తే పెట్రోల్ ఎక్కువైంది. ఏ కార్బరేటర్ బండికైనా పనికొచ్చే పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు.

పెట్రోల్ చాలడం లేదని తేలితే గాలి పట్టే చోట్లు వెతకండి. కార్బరేటర్ కింద నట్లు వదులయ్యాయా? ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ గొట్టం చివర చిట్లిందా? బ్రేక్ బూస్టర్ ఉంటే దాని గొట్టం సంగతేమిటి? ఒక్కో గొట్టాన్నీ ప్లయర్‌తో మెత్తగా నొక్కి చూడండి. ఏది నొక్కినప్పుడు ఇంజిన్ కుదుటపడిందో అదే దొంగ. కార్బరేటర్ అడుగు ప్యాకింగ్ దగ్గరైతే నూనె డబ్బాతో నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ అంచు వెంట వేయండి. లోపలికి పీల్చుకుని ఇంజిన్ మాట మారితే అక్కడ లీకుంది. నట్లను అడ్డంగా ఎదురెదురు వరసలో, కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే లాగి బిగిస్తే అడుగు ఫ్లాంజ్ వంగి, ఆ తర్వాత ఏ ప్యాకింగ్ వేసినా నిలవదు.

ఇవేవీ కాకపోతేనే పైలట్ జెట్. విప్పి, కార్బరేటర్ క్లీనర్‌లో నానబెట్టి, కంప్రెసర్ గాలి కొట్టండి. సూది, ఇనుప తీగ పెట్టి పొడవద్దు. ఇత్తడి మెత్తన. అర మిల్లీమీటరు కూడా ఉండని రంధ్రం కాస్త పెద్దదైనా కొలత తప్పినట్టే. ఐడ్లింగ్‌లో పెట్రోల్ పాలు సరిచేసే మిక్స్చర్ స్క్రూ తీసే ముందు అది పూర్తిగా ఆనేదాకా ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి. ఆనిన తర్వాత బిగించకూడదు, మొన మీద గాడి పడుతుంది. పాత లెక్క తెలియకపోతే 2 చుట్లు బయటికి పెట్టి మొదలెట్టండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్ నిమిషానికి 900 చుట్ల దరిదాపుల్లో ఉంచి, మిక్స్చర్ స్క్రూను ఇంజిన్ అన్నిటికంటే వేగంగా తిరిగే చోటికి తెచ్చి, అక్కణ్నుంచి ఒక్క పిసరు లోపలికి తిప్పి వదిలేయండి. స్క్రూ పూర్తిగా మూసినా ఇంజిన్ ఆగడం లేదంటే, మీ మెకానిక్ థ్రాటిల్ స్క్రూను (మీరన్న ఐడ్లింగ్ స్క్రూ ఇదే) అతిగా బిగించి పళ్లెం తెరిచి పెట్టాడని అర్థం. ముందు దాన్ని వదులు చేయాలి.

ప్రశ్న: డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పైగీత దాటి ఉంది. నేను పోయలేదు. కొంచెం పెట్రోల్ వాసన. నడపొచ్చా? పాత పద్మిని. (ఓ పాఠకుడు, తెనాలి)

నడపకండి. ఆయిల్‌లో పెట్రోల్ కలిసింది. పల్చబడిన ఆయిల్‌తో బేరింగులు అరుగుతాయి, క్రాంక్ కేసులో పెట్రోల్ ఆవిరి నిండితే మంట ప్రమాదం కూడా. చూడటానికి అగ్గిపుల్ల గీసేవాళ్లున్నారు, దయచేసి ఆ పని చేయొద్దు.

ఎక్కువసార్లు కారణం మెకానికల్ పెట్రోల్ పంపులో డయాఫ్రమ్ (పెట్రోల్‌ను తోసే పల్చటి పొర) చిరగడం. పంపు ఇంజిన్‌కు బోల్టు చేసి ఉంటుంది కాబట్టి కారిన పెట్రోల్ తిన్నగా ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి, అంటే సంపులోకి దిగుతుంది. పంపు ఒంటికి అడుగున చిన్న రంధ్రం ఉంటే అక్కడ తడి కనిపిస్తుంది. దాన్ని ఎమ్‌సీల్‌తో మూసేసినవాళ్లు కూడా ఉన్నారు. ఆ రంధ్రం ఉన్నదే మనకు కబురు చెప్పడానికి. పంపు సరిగా ఉంటే ఛాంబర్ నిండగానే పెట్రోల్ దారి మూయాల్సిన ఫ్లోట్ నీడిల్ చూడాలి. అది మూసుకోకపోతే పెట్రోల్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ మీదుగా సిలిండర్లలోకి, అక్కణ్నుంచి కిందికి జారుతుంది.

పంపు మార్చేటప్పుడు దానికీ బ్లాకుకూ మధ్య ఉన్న మందపాటి స్పేసర్, ప్యాకింగులు ఎన్ని తీశారో అన్నే, అదే మందంతో వేయాలి. పంపు లివర్ ఎంత దూరం ఆడాలో నిర్ణయించేది ఆ మందమే. ఎక్కువ వేస్తే పంపు సగం పనే చేస్తుంది. తక్కువ వేస్తే ఒత్తిడి పెరిగి నీడిల్ ఆగదు, కొత్త డయాఫ్రమ్ తొందరగా పోతుంది. బిగించాక పరీక్ష: కార్బరేటర్ దగ్గర పైపు తీసి, పొడవాటి గొట్టం తగిలించి సీసాలో పెట్టండి. కాయిల్ వైరు తీసేసి సెల్ఫ్ కొట్టిస్తే చిమ్ముచిమ్ముగా బలంగా రావాలి. గేజ్ ఉంటే 2.5 నుంచి 4 పీఎస్ఐ మధ్య చూపిస్తే చాలు. తర్వాత ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ రెండూ మార్చాకే ఇంజిన్ ఆన్ చేయండి.

ప్రశ్న: సరిగ్గా 20, 25 కిలోమీటర్లకోసారి బండి పట్టుబడినట్టై ఆగిపోతుంది. పది నిమిషాలు ఆగితే వెళ్తుంది. ఫిల్టర్, పంపు రెండూ మార్చాం. (ఓ పాఠకుడు, ఖమ్మం)

ఈసారి ఆగినప్పుడు ట్యాంకు మూత తిప్పండి. ‘సుయ్’ మని గాలి లోపలికి వెళ్తే జబ్బు దొరికినట్టే. మూతలోని గాలి రంధ్రం, లేదా ట్యాంకు గాలి గొట్టం పూడుకుంది. పాతది పోయి వేరే బండి మూత బిగించినప్పుడు ఇది మామూలే. గాలి శబ్దం రాకపోతే ట్యాంకు దించి చూడాలి. పికప్ పైపు చివర జల్లెడకు తుప్పు పొర అతుక్కుని, ఇంజిన్ ఆగగానే వదిలేస్తుంటుంది.

ప్రశ్న: 1992 పద్మిని. ఈమధ్య పికప్ తగ్గింది, కార్బరేటర్ అప్పుడప్పుడు తుమ్ముతోంది, రబ్బరు పైపు మెత్తబడి పైన చెమ్మ కనిపిస్తోంది. ఇథనాల్ పెట్రోల్ వల్లేనంటున్నారు. ఏ మందు కలపాలి? (ఓ పాఠకుడు, విజయవాడ)

మందు కలిపితే పోయేది కాదు. దేశంలో పెట్రోల్‌లో ఇథనాల్ సగటున 10 శాతానికి చేరింది 2022లో. 20 శాతం కలిపిన పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు దాదాపు అన్ని బంకుల్లోకీ వచ్చింది. మీ బండి తయారైన నాటికి కార్బరేటర్ జెట్లు వట్టి పెట్రోల్‌కే కొలిచి పెట్టారు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. 100 మిల్లీలీటర్ల గీతలున్న గాజు కొలపాత్రలో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, రెండు చుక్కల సిరా కలిపి, 100 గీత దాకా పెట్రోల్ పోయండి. మూత బిగించి కుదిపి, నెమ్మదిగా గాలి వదిలి, పావుగంట కదపకుండా ఉంచండి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది. అడుగు పొర 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు, 28కి కాస్త అటూఇటూ చేరితే 90 మిల్లీలీటర్లలో 18, అంటే 20 శాతం. ఆ పెట్రోల్ మళ్లీ బండిలో పోయకూడదు.

ఇక తుమ్ముల సంగతి. ఒక పాలు వట్టి పెట్రోల్ పూర్తిగా మండటానికి బరువు లెక్కన 14.7 పాళ్ల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 చాలు. 20 శాతం మిశ్రమానికి ఆ లెక్క 13.5 దరిదాపుల్లో ఉంటుంది. కార్బరేటర్‌కు ఈ తేడా తెలియదు, పాత లెక్కనే కొలిచిపోస్తుంది. ఫలితంగా ఇంజిన్‌కు కావలసినదానికంటే ఏడెనిమిది శాతం తక్కువ అందుతుంది. పల్చటి మిశ్రమం నెమ్మదిగా మండి, ఇన్‌లెట్ వాల్వు మళ్లీ తెరుచుకునేసరికి ఇంకా మంట మిగిలి ఉంటుంది. అది వెనక్కి కొట్టడమే ఆ తుమ్ము.

సోలెక్స్ కంపెనీ కార్బరేటర్ జెట్ మీద చెక్కిన అంకె రంధ్రం కొలతే: 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. ఏడెనిమిది శాతం ఎక్కువ పారాలంటే వ్యాసం దాదాపు 3.5 నుంచి 4 శాతం పెరిగితే చాలు, వైశాల్యం రెట్టింపు లెక్కన పెరుగుతుంది కనుక. అంటే 120 ఉన్నచోట 125. మీ జెట్ మీద ఏ అంకె ఉందో చూసి తర్వాతి సైజు అడగండి. పాతదాన్ని డ్రిల్లుతో పెద్దది చేయించకండి. రంధ్రం అంచులు, లోపలి నునుపు కూడా ప్రవాహాన్ని మారుస్తాయి, పైగా వెనక్కి వెళ్లే దారి ఉండదు. జెట్ మార్చాక ఖాళీ రోడ్డు మీద టాప్ గేర్‌లో నిలకడగా 5 కిలోమీటర్లు నడిపి, పక్కకి తీసి, ఐడ్లింగ్‌లో ఉంచకుండా వెంటనే ఇంజిన్ ఆపేయండి. చల్లారాక ప్లగ్గులు విప్పితే మొన దగ్గర పింగాణీ లేత గోధుమ రంగులో ఉండాలి. సున్నంలా తెల్లగా ఉంటే ఇంకా చాలడం లేదు, మసి పట్టి ఉంటే ఎక్కువైంది.

పైపు మాత్రం ఇవాళే మార్చండి. జెట్ పని వచ్చే వారమైనా ఫరవాలేదు, కానీ చెమ్మగిల్లే పైపు కింద స్పార్కులు పుట్టే డిస్ట్రిబ్యూటర్ ఉంటుంది. షాపులో ‘పెట్రోల్ పైపు’ అంటే మామూలు నైట్రైల్ రబ్బరుదే ఇస్తారు. లోపలి పొర ఇథనాల్‌కు తట్టుకునే విటాన్ రబ్బరు ఉన్నది, పైన ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉన్నది అడగండి. కార్బరేటర్ కిట్ కొంటే నీడిల్ మొన, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ కూడా ఇథనాల్‌కు తట్టుకునేవేనా అని కనుక్కోండి. ఇథనాల్ ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న జిగురును కరిగించి తెస్తుంది కనుక 500 కిలోమీటర్లు నడిచాక ఒకసారి, ఆ తర్వాత 1500 దగ్గర ఇంకోసారి ఫిల్టర్ మార్చాలి. ఫిల్టర్ మీది బాణం గుర్తు కార్బరేటర్ వైపు చూడాలి.

బండి నెలల తరబడి షెడ్డులోనే ఉండేదైతే అసలు దెబ్బ అక్కడ. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఒక హద్దు దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి వేరే పొరగా ట్యాంకు అడుగుకు చేరతాయి. పికప్ పైపు ఉండేదీ అడుగునే. జింక్ మిశ్రమంతో పోసిన ఫ్లోట్ ఛాంబర్‌లో తెల్లటి పొడి కనిపిస్తే ఆ నీళ్ల పనే. బజారులో దొరికే ‘నీళ్లు తీసే మందు’ చాలావాటిలో ఉండేదీ ఆల్కహాలే కాబట్టి ఉన్న ఆల్కహాలుకు ఇంకొంత కలపడం తప్ప ప్రయోజనం లేదు. పెట్రోల్ రెండు మూడు నెలలకు మించి నిలవ ఉంచకండి, షెడ్డులో పెట్టేముందు ఛాంబర్ ఖాళీ చేయండి.

ప్రశ్న: ఊటీ వెళ్తే మా పద్మిని నల్లపొగ వదులుతుందా? జెట్ చిన్నది పెట్టుకెళ్లాలా? (ఓ పాఠకుడు, చిత్తూరు)

అక్కర్లేదు. ఊటీ 2,240 మీటర్ల ఎత్తు, అక్కడి గాలి సాంద్రత మన మైదానంకంటే దాదాపు ఐదోవంతు తక్కువ. ఆ ఎత్తులో మిశ్రమం పది పన్నెండు శాతం చిక్కబడుతుంది. ఇథనాల్ పెట్రోల్ ఇక్కడ ఏడెనిమిది శాతం పల్చన చేస్తోంది కదా, పాత జెట్‌తోనే వెళ్తే ఆ రెండూ ఇంచుమించు చెల్లుకుంటాయి! ఇంజిన్ సత్తా ఐదోవంతు తగ్గడం మాత్రం ఖాయం, దానికి జెట్ మందు కాదు. చౌక్ పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో చూసుకుని రెండో గేర్‌లో ఎక్కండి.

ప్రశ్న: ఎల్పీజీ కిట్ ఉన్న ఓమ్ని. గ్యాస్ మీద బ్రహ్మాండం. పెట్రోల్‌కు మారిస్తే రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. (ఓ పాఠకుడు, హైదరాబాద్)

నెలల తరబడి పెట్రోల్ ముట్టకపోతే ఛాంబర్ ఎండిపోయి జెట్లలో జిగురు కడుతుంది, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ ఎండి బిరుసెక్కుతుంది. పైగా ఖాళీ ఛాంబర్‌లో ఫ్లోట్ ఊగిసలాడి నీడిల్ సీటును కొట్టి కొట్టి అరగదీస్తుంది. కార్బరేటర్ విప్పి శుభ్రం చేసి కిట్ వేయక తప్పదు. అంతకంటే ముందు పెట్రోల్ సోలెనాయిడ్ వాల్వు స్విచ్ మార్చగానే టిక్ మంటోందో చూడండి. రెండు నిమిషాలే నడుస్తోందంటే ఛాంబర్‌లో ఉన్నది అయిపోయి కొత్తది రాకపోవచ్చు. బాగయ్యాక వారానికి ఒకసారైనా ఐదారు కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపండి. గ్యాస్‌కు మార్చేటప్పుడు స్విచ్ మధ్యలో పెట్టి, ఇంజిన్ తడబడేదాకా ఆగి అప్పుడు గ్యాస్‌లోకి వేయాలి. లేకపోతే రెండు ఇంధనాలూ ఒకేసారి వెళ్తాయి.

ప్రశ్న: కాలు వేయగానే ఒక్క క్షణం చచ్చి, ఆ తర్వాత అందుకుంటుంది. నెమ్మదిగా వేస్తే ఏమీ లేదు. (ఓ పాఠకుడు, అనంతపురం)

మీ ఉత్తరంలోని చివరి వాక్యమే జవాబు. థ్రాటిల్ ఒక్కసారిగా తెరిస్తే గాలి వెంటనే దూసుకొస్తుంది, మెయిన్ జెట్ పెట్రోల్ అందుకోవడానికి క్షణం పడుతుంది. ఆ సందు పూడ్చేది యాక్సిలరేటర్ పంపు. ఇంజిన్ ఆపి, గొంతులోకి టార్చి వేసి లివర్ లాగండి. లివర్ కదిలిన మరుక్షణం సన్నటి గట్టి ధార రావాలి. ఆలస్యంగా వస్తే లింకు వదులు. నీరసంగా వస్తే డయాఫ్రమ్ చిరిగింది. అసలు రాకపోతే నాజిల్ పూడుకుంది, లేదా కింది చిన్న బాల్ వాల్వు ఇరుక్కుంది. విప్పేటప్పుడు ఆ గుండు కిందపడి దొర్లిపోతుంది, తెల్లటి గుడ్డ పరిచి చేయండి.

ప్రశ్న: 1999 మారుతి 800. పొల్యూషన్ పరీక్షలో సీఓ 4.6 శాతం, హెచ్‌సీ 900 వచ్చింది. ఫెయిల్. మైలేజీ కూడా తగ్గింది. (ఓ పాఠకుడు, గుంటూరు)

ఆ కాలపు కార్బరేటర్ కార్లకు హద్దు సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3 శాతం, హెచ్‌సీ (మండకుండా మిగిలిన ఇంధనం) 1500 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 1500. మీ హెచ్‌సీ హద్దులోనే ఉంది, సీఓ ఒక్కటే పెరిగింది. అంటే ప్లగ్గులు సరిగానే మండిస్తున్నాయి, పెట్రోల్ ఎక్కువ పోతోంది. అదే తిరగబడి హెచ్‌సీ పెరిగి సీఓ తక్కువ ఉంటే మిస్సింగ్, అంటే మధ్యమధ్య మంట అందుకోకపోవడం, అనుకోవాలి.

ఎయిర్ ఫిల్టర్ తీసి మళ్లీ కొలిపించండి. సీఓ గబుక్కున పడిపోతే ఫిల్టర్ మార్చడమే పని. పడకపోతే చౌక్ పళ్లెం నిటారుగా పూర్తిగా తెరుచుకుంటోందో చూడండి, కేబుల్ తుప్పు పట్టి పావువంతు మూసే ఉంచడం మామూలే. తర్వాత ఫ్లోట్ ఛాంబర్‌కు ఉన్న చిన్న గాజు కిటికీ. ఐడ్లింగ్‌లో పెట్రోల్ మట్టం దాని మధ్యనున్న గుండ్రని గుర్తు దగ్గర ఉండాలి. పైకుంటే నీడిల్ ఆగడం లేదు, లేదా ఫ్లోట్‌లోకి పెట్రోల్ దిగింది. ఫ్లోట్ తీసి చెవి దగ్గర ఊపితే తెలుస్తుంది. ఇత్తడి ఫ్లోట్ ఉన్న బండ్లవాళ్లు దాన్ని వేడినీళ్లలో ముంచితే బుడగలు ఎక్కణ్నుంచి వస్తున్నాయో కనిపిస్తుంది.

ఇవన్నీ సరిగా ఉంటేనే మిక్స్చర్ స్క్రూ. గ్యాస్ ఎనలైజర్ గొట్టం సైలెన్సర్‌లో ఉండగానే పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పి, ఒక్కోసారి అర నిమిషం ఆగి అంకె చూడండి. 1.5, 2 శాతం మధ్య ఆపేయండి. సర్టిఫికెట్ కోసం 0.5కి దించి ఇస్తామనే కుర్రాళ్లుంటారు. ఆ సెట్టింగ్‌తో బండి ఇంటిదాకా కూడా తిన్నగా రాదు, మర్నాడు మళ్లీ స్క్రూ బయటికి తిప్పించుకోవాల్సి వస్తుంది. పరీక్షకు వెళ్లేముందు కనీసం 10 కిలోమీటర్లు నడపండి. చల్లటి ఇంజిన్‌తో వెళ్లి లైన్లో ఐడ్లింగ్‌లో పావుగంట నిలబెడితే బాగున్న కార్బరేటర్ కూడా ఫెయిలవ్వొచ్చు.